అన్నం తొవ్వ తప్పితే: మేధో వైకల్యం ఉన్నోళ్ళకు మింగుడు ఎందుకు కష్టమైతది

ఇంట్ల మేధో వైకల్యం ఉన్న పిల్లగాడో పెద్దమనిషో ఉంటే, ఆ ఇంటోళ్ళు రెండు సంగతులు వేరు వేరుగ చెప్తుంటరు. ఒకటి, "అన్నం తినుడు మస్తు లేటు మేడం, గంట పడ్తది, నడుమల దగ్గు, మొండి చేస్తడు." రెండోది, "వీనికి ఊకె నిమ్ము పడ్తది, చలికాలం వస్తే దవాఖాన తప్పదు." మొదటిది మొండితనం ఖాతాల పోతది, రెండోది చలిగాలి ఖాతాల పోతది. నేను దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఇసొంటి ఇండ్లకు తిరుగుతుంట, నాకు తెలిసిన చాలా ఇండ్లల్ల ఈ రెండూ ఒక్కటే సమస్య. అన్నం, నీళ్ళు, ఆఖరికి ఉమ్మి గూడ కడుపులకు పోవాల్సింది కొంచెం కొంచెం ఊపిరితిత్తులకు పోతుంటది, అదే అక్కడ నిమ్మై కూసుంటది. దవాఖానల ఆంటీబయాటిక్ ఇచ్చి తగ్గించి పంపుతరు, ఇంటికొచ్చినంక మళ్ళా అదే గిన్నె, అదే తీరు, మళ్ళా నెలకో రెండు నెలలకో జ్వరం.

ఇది మన దగ్గర్నే ఉన్న గోస కాదు. ఇంగ్లాండుల మేధో వైకల్యం ఉన్నోళ్ళు చనిపోతే ఎందుకు చనిపోయిన్రని రివ్యూ చేసే లెడర్ అనే ప్రోగ్రాం 2015 నుంచి నడుస్తుంది, వాళ్ళ రిపోర్టులల్ల నిమ్ము, అదే న్యుమోనియా, తిండి ఊపిరితిత్తులకు పోయి వచ్చే న్యుమోనియా మళ్ళా మళ్ళా పై వరుసల కనపడ్తుంటయి. దానికంటే ముందే 2004 ల అక్కడి పేషెంట్ సేఫ్టీ ఏజెన్సీ, ఈ మనుషుల భద్రతకు ముఖ్యమైన ముప్పులు అయిదని చెప్తే అందుల మింగుడు కష్టం ఒకటి. అన్ని సౌలతులున్న దేశంల సంగతే గిట్ల ఉంటే, మండల కేంద్రం దాటితే మాట, మింగుడు చూసే స్పీచ్ థెరపిస్టు అనే మాటనే వినని మన ఊర్లల్ల ఎట్లుంటదో వేరే చెప్పాల్నా.

అసలు మింగుడు అంటే ఏమైతదో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే మిగిలినదంతా అదే అర్థమైతది. ఒక బుక్క పప్పన్నం నోట్లకు పోయిందనుకోండ్రి. పెదవులు మూసుకోవాలె, లేకుంటే బయటికి కారుతది. నాలుక ఆ బుక్కను అటూ ఇటూ పండ్ల కిందికి తొయ్యాలె, ఉమ్మి కలిసి మెత్తటి ముద్ద కావాలె, అయినంక నాలుకనే దాన్ని వెనకకు నెట్టాలె. ఇక్కడిదాక మన చేతిల ఉన్న పని, వద్దనుకుంటే ఊంచొచ్చు. ముద్ద గొంతు వెనుక తాకినంక మన చేతిల ఏం లేదు, నరాలు వాటంతట అవే నడిపిస్తయి. పైన అంగిలి లేచి ముక్కు తొవ్వ మూస్తది, గొంతు ముడి పైకి లేస్తది (మీ గొంతు మీద వేలు పెట్టి ఒక్క గుటక వేసి చూడుండ్రి, తెలుస్తది), నాలుక మొదట్ల ఉండే రెక్క ఊపిరి గొట్టం మీదికి వంగుతది, లోపల స్వరతంత్రులు దగ్గరికొచ్చి బిగుసుకుంటయి, ఊపిరి ఆగుతది, అదే టైంల అన్నం గొట్టం పై మూత తెరుచుకుంటది. ఇదంత సుమారు ఒక్క సెకండుల అయిపోవాలె. ఊపిరి గొట్టం ముందల ఉంటది, అన్నం గొట్టం దాని వెనకాల, రెండింటికీ పై తొవ్వ ఒక్కటే. అంటే రైలొచ్చే టైముకు గేటు పడ్డట్టు, అన్నమొచ్చే టైముకు ఊపిరి గొట్టం మూసుకోవాలె. జర లేటైనా, సగమే మూసుకున్నా, మూసుకున్నంక పైన ఇంక మెతుకులు మిగిలున్నా, తర్వాత ఊపిరి పీల్చంగనే అవి లోపలికి పోతయి.

మనకైతే అట్ల పోతే పొలమారుతది. దగ్గి దగ్గి కండ్లెంబడి నీళ్ళొస్తయి, ఇంట్ల పెద్దోళ్ళు నెత్తి మీద తట్టి ఎవరో యాది చేస్తున్నరంటరు, అయిపోతది. ఆ దగ్గే మనకు కాపలా. మేధో వైకల్యం ఉన్నోళ్ళల్ల చాలామందికి, ముఖ్యంగ సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు అదుపుల లేకపోవుడు) గూడ ఉన్నోళ్ళకు, ఈ కాపలా సరిగ పనిచెయ్యదు. లోపలికి పోయినా దగ్గు రాదు. చప్పుడు లేకుంట పోతది. ఇదే అందరికన్న ఎక్కువ మోసం చేసేది, ఎందుకంటే ఇంటోళ్ళు "మావోడు అస్సలు దగ్గడు మేడం, మంచిగ మింగుతడు" అంటరు, వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, నిజంగనే దగ్గడు.

దగ్గు లేకుంటే ఎట్ల గుర్తు పట్టాలంటే, వేరే గుర్తులుంటయి. నాలుగైదు బుక్కలైనంక గొంతు గురగుర అంటది, మాట తడి తడిగ వస్తది, మాట రానోళ్ళయితే వాళ్ళు చేసే చప్పుడులనే ఆ తడి వినపడ్తది. కండ్లు ఎర్రగై నీళ్ళొస్తయి, ముక్కు కారుతది, అది జలుబు కాదు, తిన్నప్పుడే కారుతది చూడుండ్రి. ఊపిరి జల్ది జల్ది తీస్తరు. నుదురు మీద చెమట వస్తది. ఒక్క బుక్కకు రెండు మూడు గుటకలు వేస్తరు. తిండి అరగంట దాటుతది. పోయిన ఏడు కుట్టించిన అంగీ వదులైతది. పొద్దుగూకినంక సన్నగ జ్వరమొస్తది, పొద్దున ఉండదు, ఇంట్లోళ్ళు దిష్టి అనుకుంటరు. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది, తిండి టైముకు మొఖం తిప్పుకునుడు, చెయ్యి కొట్టేసుడు, పళ్ళు బిగపట్టుడు. మాట రాని మనిషికి ప్రతి బుక్కకు ఊపిరాడక భయమైతుంటే ఇంకెట్ల చెప్తడు పాపం, గట్లనే చెప్తడు. మనం దానికి మొండితనం అని పేరు పెట్టినం.

ఇగ ఎందుకు వస్తదనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు, అందుకే ఇది చిక్కుముడి. సెరిబ్రల్ పాల్సీల కండరాలు బిగుసుకుంటయి లేకుంటే ఒక్కసారిగ వదులైతయి, తల నిలవదు, నాలుక ముందుకు తోసుకొస్తది, బుక్క లోపలికి పోవాల్సింది బయటికొస్తది. డౌన్ సిండ్రోమ్ ఉన్నోళ్ళకు నోరు చిన్నగ నాలుక పెద్దగ అనిపిస్తది, కండరాలు మెత్తగ ఉంటయి, నమలకుండనే మింగుతరు. వాళ్ళ విషయంల ఇంకొక్కటి తెలుసుకోవాలె, నలభై యాభై ఏండ్లు వచ్చేసరికి డౌన్ సిండ్రోమ్ ఉన్నోళ్ళల్ల మతిమరుపు జబ్బు, అదే అల్జీమర్స్, మామూలోళ్ళకంటే చాలా ముందు మొదలైతది, దాంతోపాటు మింగుడు మర్చిపోయినట్టు బుక్క నోట్లనే పెట్టుకుని కూసుంటరు. నిన్నటిదాక సొంతంగ తిన్న మనిషి ఇప్పుడు బుక్క మింగకుంటే "పెద్దగైనంక గారం ఎక్కువైంది" అనకుండ్రి.

కొందరికి నరాల్ల ఏం లోపం ఉండదు, తినే తీరే ముప్పు. ముందలున్నది మొత్తం నోట్ల కుక్కుకుంటరు, నమలరు, రెండు దవడలు నిండినంక గూడ ఇంకో ముద్ద. పెండ్లిళ్ళల్ల, హాస్టళ్ళల్ల, నలుగురు పిల్లలు కలిసి కూసున్న దగ్గర ఇది ఎక్కువైతది, ఎవరన్న గుంజుకుంటరేమో అనే తొందర ఉంటది. ఇట్లాంటోళ్ళకు ముప్పు నిమ్ము కంటే ఎక్కువ గొంతుల ముక్క ఇరుక్కునుడు. రెండూ వేరు, జాగ్రత్తలు గూడ వేరు.

మందులు గూడ ఒక పెద్ద కారణం, దీన్ని అడిగేటోళ్ళు తక్కువ. కోపం, కొట్టుకునుడు తగ్గాలని రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ రాస్తరు, అవి కొందరికి కండరాలు బిగుసుకుపోయేటట్టు చేసి మింగుడు చెడగొడ్తయి. ఫిట్స్ కోసం ఇచ్చే క్లోబజాం, క్లోనజిపాం మత్తుగ పెడ్తయి, నోట్లెంబడి చొంగ ఎక్కువైతది. ఎప్టాయిన్ మందు ఏండ్ల తరబడి వాడితే చిగుళ్ళు ఉబ్బి పండ్ల మీదికొస్తయి, నమలుడు నొప్పి. మందు కొత్తగ మొదలైనంకనో డోసు పెంచినంకనో దగ్గు, చొంగ ఎక్కువైతే ఆ తారీకు రాసిపెట్టుకుని డాక్టర్‌కు చెప్పాలె, సొంతంగ మాత్రం ఆపొద్దు, ఫిట్స్ గోళీలు ఒక్కసారి ఆపితే అది ఇంకో ప్రమాదం. గోళీ మింగలేకపోతుండని రోట్లేసి దంచి ఇస్తరు గదా, అన్ని గోళీలు దంచొద్దు, ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్‌ల క్రోనో అని రాసి ఉన్నవి మెల్లగ మెల్లగ కరిగేటట్టు చేసినవి, దంచితే మందంత ఒక్కసారి ఎక్కుతది. సిరప్ ఉందా అని అడగాలె. ఇంకో మాట చెప్తే కొందరికి కోపమొస్తది గని చెప్పాలె. రాత్రి పండుకోవాలని ఇంత కల్లు తాపే ఇండ్లు మన పాలమూరు, నల్లగొండ పల్లెల్ల ఉన్నయి. కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం అసొంటి మత్తు మందులు పడ్తయని పేపర్లల్ల ఎన్నిసార్లు రాలేదు. మత్తుల ఉన్న గొంతుకు కాపలా ఉండదు.

నల్లగొండల ఏదొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ళ మీద పెట్టుడు గూడ ఒక అలవాటు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరోసిస్ గోస నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. అట్లని మింగుడు కష్టం, మాటిమాటికి నిమ్ము ఉన్న పిల్లగాన్ని చూసి "నీళ్ళ వల్లనే" అని చెప్పి పరీక్షకు తీస్కపోకుంటే, చేయగలిగిన సాయం గూడ చెయ్యకుండ వదిలినట్టు.

ఇప్పుడు తినిపించే తీరు. అచ్చంపేట దాటినంక ఒక ఊర్లె ఇరవై దాటిన పిల్లగాడు, సెరిబ్రల్ పాల్సీ, అమ్మానాన్న పుణె దిక్కు పనికి పోయిన్రు, చూసుకునేది వాళ్ళ నానమ్మ. పాలమూరుల ఇది మామూలే, బస్సెక్కేది వయసులున్నోళ్ళు, ఇంట్ల మిగిలేది ముసలోళ్ళు, ఇట్లాంటి పిల్లలు. ఆమె కాళ్ళు చాపుకుని, పిల్లగాని తల తన తొడ మీద పెట్టుకుని, చారన్నం పిసికి చెంచతోని పోస్తుంది. ఆయన మొఖం మిద్దె దిక్కుంది, గొంతు సాగి ఉంది. పోసిందల్లా జారుతుంది, గుటక ముందు పడ్తుందా, చారు ముందు పోతుందా తెలుస్తలేదు. దగ్గు లేదు. అయిదో చెంచకు గొంతుల గురగుర మొదలైంది, కండ్లల్ల నీళ్ళు. "అవ్వా, జర కూసోవెడ్దామా" అంటే, "కూసోవెడ్తె ఊంచుతడు బిడ్డా, గిట్ల పండవెడ్తనే తింటడు" అంది. ఆమె చెప్పింది నిజమే, పండవెడితే ఊంచలేడు, కిందికి జారాల్సిందే గదా. ఊంచేది ఆయన చేతిల ఉన్న ఒక్క కాపలా, పండవెట్టుడుతోని అది గూడ పోతుంది.

గోడకు ఆనిచ్చి, నడుముకు రెండు దిక్కుల బొంతలు మలిచి పెట్టి, తల పక్కకు వాలకుండ ఒక మెత్త పెట్టి కూసోవెట్టినం. అవ్వను ఎదురుంగ చిన్న పీట మీద కూసోమన్నం, ఎందుకంటే తినిపించేటోళ్ళు నిలవడి పెడ్తే తినేటోళ్ళు పైకి చూస్తరు, గడ్డం లేస్తది, గొంతు మళ్ళా తెరుచుకుంటది. కింద కూసుంటే గడ్డం జర కిందికొస్తది. పెద్ద చెంచ తీసేసి చిన్నది, సగమే నింపి, నాలుక మీద నడుమల పెట్టి కొద్దిగ అదిమి, పెదవులు మూసుకునేదాక ఆగి తీసుడు. గొంతు ముడి పైకి లేచి దిగిందాక ఇంకో చెంచ లేదు. మొదటి రోజు అవ్వకు విసుగొచ్చింది, నిజంగనే టైం పడ్తది, ఆయన గూడ మొదటి రెండు బుక్కలు ఊంచిండు. మూడోది మింగిండు. ఇది మందు కాదు, ఒక్కొక్కరికి ఒక్కో తీరు సరిపోతది, గడ్డం బాగా వంచుడు గూడ అందరికీ పనికిరాదు, అందుకే తెలిసినోళ్ళు ఒక్కసారన్న ఎదురుంగ కూసుని చూడాలంటున్న. కానీ పండవెట్టి పెట్టుడు, ముక్కు మూసి నోట్ల పోసుడు, ఏడుస్తున్నప్పుడు నవ్వుతున్నప్పుడు పెట్టుడు, నిద్రమత్తుల పెట్టుడు, ఇవి ఎవ్వరికీ పనికిరావు. తిన్నంక అరగంటన్న కూసునే ఉండాలె, వెంటనే పండవెడ్తే కడుపులది పైకి ఎక్కి మళ్ళా అదే తొవ్వల పోతది, ఈ పైకి ఎక్కే సమస్య సెరిబ్రల్ పాల్సీ ఉన్నోళ్ళకు చాలామందికి ఉంటది.

ఫిట్స్ వచ్చినప్పుడు గూడ మనోళ్ళు తాళం చెవులు చేతిల పెడ్తరు, నోట్ల నీళ్ళు పోస్తరు. తాళం చెవులతోని లాభం లేదు, నష్టం లేదు. నీళ్ళు మాత్రం చంపుతయి. పూర్తిగ తెలివొచ్చి, పిలిస్తే చూసేదాక నోట్ల ఏం పెట్టొద్దు, పక్కకు తిప్పి పండవెట్టాలె.

తిండి సంగతికొస్తే, అందరూ అనుకునేది గట్టి తిండి కష్టం, నీళ్ళు అల్కగ పోతయి అని. చాలామందికి ఉల్టా. నీళ్ళు, చాయ్, చారు అన్నిటికన్న జల్ది జారేవి, గొంతు మూసుకునే లోపలనే పోతయి, మెల్లగ పనిచేసే గొంతుకు అవే ప్రమాదం. ఇంకా కష్టమైనవి పల్చటిది గట్టిది కలిసినవి, పచ్చిపులుసు పోసిన అన్నం, మజ్జిగల కలిపిన జొన్న గట్క, పాలల్ల ఏసిన రొట్టె తునకలు. నాలుక మెతుకును పట్టుకుని ఉంటే పులుసు ముందే జారిపోతది. పొడి పొడిగ రాలేవి, సకినాలు, మురుకులు, ఎండిన జొన్నరొట్టె, అటుకులు, ఇవి నోట్ల చెదిరిపోతయి, ముద్ద కావు. గుడాలు, పల్లీలు గుండ్రంగ జారి ఇరుక్కుంటయి, పల్లిపట్టి అయితే రెండు తీర్ల ప్రమాదం.

ఎండాకాలం ముంజలు ఒక ప్రత్యేకమైన గండం. జారుతది, పండ్లకు దొరకది, కొరికినంక లోపలి నీళ్ళు ఒక్కసారి పడ్తయి, అంటే పైన చెప్పిన అన్ని ముప్పులూ ఒక్క ముంజల ఉన్నయి. మెత్తగ పిసికి నీళ్ళు తీసేసి పెట్టొచ్చు గదా అంటే, కొందరికి పెట్టొచ్చు. దసరా ముందల సీతాఫలాలు, మన బాలానగర్ పండ్లకు ఎంత పేరున్నా గింజలన్నీ గింజలే, ఊంచే తెలివి లేనోళ్ళకు గుజ్జు తీసి గింజ ఒక్కటి లేకుంట చేత్తోని చూసుకుని పెట్టాలె. పండుగ నాడు మటన్ ముక్క పెట్టకుంటే అమ్మకు మనసొప్పదు, ఒప్పకుంటే మెత్తగ ఉడికించి, బొక్క తీసి, సన్నగ రుబ్బి గ్రేవీల కలిపి పెట్టుండ్రి, రుచి పోదు.

మెత్తగ అంటే ఎంత మెత్తగ, చిక్కగ అంటే ఎంత చిక్కగ అనేది ఒక్కొక్కరు ఒక్కో తీరు అనుకుంటరు, అందుకే ఇడ్సీ అని ప్రపంచం మొత్తానికి ఒక కొలత పెట్టిన్రు, 0 నుంచి 7 దాక లెవల్స్. తాగేవి 0 నుంచి 4, తినేవి 3 నుంచి 7. ఇంట్ల చేసుకునే పరీక్ష గూడ ఉంది. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి, వెనక తోసే దంటు తీసేసి, మూతి వేలితోని మూసి నిండ పోసి, వేలు తీసి 10 సెకండ్లు లెక్కపెట్టాలె. అంత కారిపోతే మామూలు నీళ్ళ లెక్క. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే లెవల్ 1, 4 నుంచి 8 మిగిలితే లెవల్ 2, 8 కంటే ఎక్కువుంటే లెవల్ 3, ఒక్క చుక్క కారకుంటే లెవల్ 4. ఇక్కడ సిరంజిలు అన్నీ ఒక్క తీరు ఉండయి, కొలత గీతలు 0 నుంచి 10 దాక 61.5 మిల్లీమీటర్లు ఉండాలె, స్కేలు పెట్టి చూడుండ్రి. అన్నం ముద్దకైతే, లెవల్ 5 అంటే పెద్దోళ్ళకు 4 మిల్లీమీటర్ల కంటే పెద్ద పలుకు ఉండొద్దు, ఫోర్కు పండ్ల నడుమ సందు సుమారు అంతే ఉంటది. చిన్నపిల్లలకు 2 మిల్లీమీటర్లే.

ఇగ రాగి జావ గురించి. చిక్కగ ఉంటది గదా అని చాలామంది దాన్నే నీళ్ళకు బదులు తాపుతరు, మంచిదే, కానీ రెండు తిరకాసులున్నయి. వేడి మీద పల్చగ ఉండి చల్లారినంక గట్టిపడ్తది, అందుకే తాపే వేడికి వచ్చినంకనే కొలవాలె. రెండోది, మన ఉమ్మిల పిండిని కరిగించే గుణం ఉంది. నోట్ల పెట్టిన చెంచనే మళ్ళా మళ్ళా గిన్నెల ముంచుతుంటే గిన్నెల జావ పల్చబడ్తది, మొదటి చెంచకున్న చిక్కదనం ఆఖరి చెంచకు ఉండదు. కొంచెం కొంచెం వేరే గిన్నెలకు తీస్కుని తాపితే సరిపోతది. మెడికల్ షాపుల్ల దొరికే చిక్కబరిచే పౌడర్లల్ల శాంతన్ గమ్‌తోని చేసినవి అట్ల కరగవు, కానీ ఖర్చు. ఇంకా ఒక విషయం, చిక్కటి నీళ్ళు అందరికీ పరిష్కారం కాదు. అవి దాహం తీర్చవు, చాలామంది ఇష్టపడరు, నీళ్ళు తగ్గి మలబద్ధకం, మూత్రం మంట, ఎండాకాలం అయితే వడదెబ్బ దాక పోతది. ఎవరో యూట్యూబుల చెప్పిన్రని అన్నీ చిక్కగ చేసి తాపుడు తప్పు.

నేను అందరికన్న ముందు చెప్పేది ఇవేవీ కాదు, పండ్లు తోముడు. నవ్వుతరు. అన్నం మెతుకు ఊపిరితిత్తులకు పోతే చేసే నష్టం ఒక ఎత్తు, ఆ మెతుకు మీద కూసుని నోట్లెంబడి పోయే క్రిములు ఇంకో ఎత్తు, నిమ్ము తెచ్చేది ఎక్కువ శాతం అవే. పిప్పి పండ్లు, ఉబ్బిన చిగుళ్ళు, నాలుక మీద తెల్లటి పొర ఉన్న నోట్లకెల్లి రాత్రి నిద్రల ఉమ్మి జారినా చాలు. పొట్టకు గొట్టం పెట్టినోళ్ళు గూడ నోటితోని తినరు గదా అని తోముడు బంద్ చేస్తరు, వాళ్ళకైతే ఇంకా ఎక్కువ అవసరం. ఉమ్మలేనోళ్ళకు పేస్టు బియ్యపు గింజంత చాలు, కూసోవెట్టి, తల ముందుకు వంచి, మెత్తటి బ్రష్‌తోని తోమి తడి గుడ్డతోని తుడవాలె. రోజు రెండుసార్లు. ఖర్చు లేని పని, అందుకే ఎవరూ మందు లెక్క చూడరు.

దవాఖాన సంగతి. నిమ్ముతోని పోతే ఛాతి ఎక్స్‌రే తీస్తరు, మందు రాస్తరు, "ఇట్లాంటి పిల్లలకు ఇది మామూలే అమ్మా" అంటరు. ఈ మామూలే అనే మాటతోనే నాకు పంచాది. వైకల్యం ఉంది కాబట్టి నిమ్ము వచ్చిందని కాదు, నడుమల ఒక కారణం ఉంది, ఆ కారణానికి చేసే పని ఉంది. "ఎట్ల తినిపిస్తున్నరు, ఎంతసేపు పడ్తుంది" అని ఒక్క మాట అడిగితే సగం బయటపడ్తది. వాళ్ళు అడగకుంటే మీరే చెప్పుండ్రి, ఏడాదిల రెండుసార్లు నిమ్ము వస్తే "మింగుడు పరీక్ష చేయించాల్నా సార్" అని సిగ్గుపడకుండ అడుగుండ్రి.

ఈ పని చూసేది స్పీచ్ థెరపిస్టులు, పేరుల మాట ఉన్నా గొంతు, మింగుడు గూడ వాళ్ళ చదువుల భాగమే. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నోళ్ళేనా చూస్కోవాలె. పద్దెనిమిది ఏండ్ల లోపు పిల్లలకైతే జిల్లా దవాఖానకు జోడించి ఉండే డీఈఐసీ కేంద్రం (పిల్లల లోపాలను ముందే గుర్తుపట్టి చూసేది), మండలంల ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం మొదటి తొవ్వ. పెద్ద పరీక్షలు రెండు, ఎక్స్‌రేల కనపడే బేరియం కలిపిన తిండి తింటుంటే ఎక్స్‌రే వీడియో తీసుడు ఒకటి, ముక్కులకెల్లి సన్న కెమెరా పంపి గొంతు చూసుడు ఇంకొకటి, చప్పుడు లేకుంట లోపలికి పోతుందా లేదా ఖాయంగ చెప్పేది ఇవే. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌ల మేధో వైకల్యం ఉన్నోళ్ళ కోసం 1984 ల పెట్టిన జాతీయ సంస్థ, మనోళ్ళు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అంటరు, ఇప్పుడు పేరు ఎన్‌ఐఈపీఐడీ, అక్కడ స్పీచ్ విభాగం ఉంది, వయసు పెద్దగున్నోళ్ళను గూడ చూస్తరు. భువనగిరి దిక్కోళ్ళకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. పోయే ముందల ఫోన్ చేసి అడిగి పోతే బస్సు కిరాయి దండగ కాదు. పైసల సంగతికొస్తే కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా ఉంది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నోళ్ళకు లక్ష రూపాయల దాక, ఓపీ ఖర్చులు థెరపీ గూడ వస్తయి. పింఛన్ తీసుకునే చాలా ఇండ్లకు ఇది ఉందనే తెల్వదు.

కొందరికి ఎంత చేసినా నోటితోని సరిపోదు, బరువు తగ్గుతనే ఉంటది, అప్పుడు పొట్టకు గొట్టం పెడ్దామంటరు, పెగ్ అని. ఈ మాట వినంగనే ఇంట్ల ఏడుపు మొదలైతది, "బిడ్డ నోటికాడి కూడు తీసేసినమా" అని. దీని మీద నా అభిప్రాయం ఒక్క దిక్కు లేదు. గొట్టంతోని తిండి, నీళ్ళు, మందులు సరిగ అందుతయి, గంటల తరబడి తినిపించే యుద్ధం ఉండది, తల్లికి జర ఊపిరాడుతది. కానీ ఉమ్మి పోవుడు ఆగదు, కడుపులది పైకి ఎక్కుడు ఆగదు, అంటే నిమ్ము పూర్తిగ బంద్ కాదు. కొందరికి గొట్టం ఉన్నా రుచి కోసం రెండు చెంచలు నోటితోని పెట్టనిస్తరు, అది అడగొచ్చు. తల్లిదండ్రులకు టైమిచ్చి, ఆ మనిషికి తెలిసే తీరుల చెప్పి చేయాల్సిన నిర్ణయం, వార్డుల నిలవడి సంతకం పెట్టుమనే నిర్ణయం కాదు.

ముక్క ఇరుక్కున్నప్పుడు ఏం చేయాల్నో గూడ ఇంట్ల అందరికీ తెలవాలె. గట్టిగ దగ్గుతుంటే దగ్గనియ్యాలె, నీళ్ళు తాపొద్దు, నెత్తి మీద తట్టుడుతోని ఏం కాదు. దగ్గు రాక, చప్పుడు రాక, పెదవులు నీలంగైతుంటే ముందుకు వంచి వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేతి మడిమతోని అయిదు గట్టి దెబ్బలు. పోకుంటే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన, పక్కటెముకల కింద పిడికిలి పెట్టి లోపలికి పైకి అయిదుసార్లు గుంజాలె. ముక్క పడేదాక ఇదీ అదీ మార్చి మార్చి, ఇంకొకరు 108 కు ఫోన్. ఇది ఏడాది దాటినోళ్ళకు, పసిపిల్లలకు పొట్ట మీద గుంజొద్దు. కనపడని ముక్క కోసం నోట్ల వేలు పెట్టి తిప్పితే ఇంకా లోపలికి పోతది.

డాక్టర్ దగ్గరికి పోయే ముందల ఒక్క పని చెయ్యుండ్రి, ఇంట్ల తినేటప్పుడు ఫోన్ల వీడియో తీస్కోండ్రి. దవాఖానల తినిపించమంటే పిల్లగాడు బెదిరి నోరు తెరవడు, అక్కడ కనపడేది అసలు సంగతి కాదు. ఎదురుంగ కాదు, పక్కకెల్లి తియ్యాలె, తల నుంచి నడుము దాక కనపడాలె, గొంతు ముడి లేచుడు దిగుడు తెల్వాలె. మొదటి అయిదు నిమిషాలు, మళ్ళా ఆఖరి అయిదు నిమిషాలు, ఎందుకంటే అలిసినంకనే తేడా బయటపడ్తది. టీవీ బంద్ చేసి తియ్యుండ్రి, గొంతుల గురగుర వినపడాలంటే చప్పుడు ఉండొద్దు. గిన్నె, చెంచ, గిలాస గూడ ఒక్కసారి చూపెట్టుండ్రి, ఎవరు తినిపిస్తరో రోజూ వాళ్ళతోనే తినిపించి తియ్యుండ్రి, నానమ్మ పెట్టేది ఉంటే నానమ్మే.